కొండ ఒకటే, కథనాలు వేరు: అరకు లోయపై తెలుగు వాస్తవాధారిత టెలివిజన్ ఉపప్రక్రియలు, వాటి రూఢులు

ఉపోద్ఘాతం

తెలుగు టెలివిజన్‌ను గురించిన విమర్శ చాలాకాలంగా రెండు అంశాల చుట్టూ తిరుగుతున్నది. ఒకటి ధారావాహికలు స్త్రీని చిత్రించే తీరు, రెండవది వార్తాచానళ్ల రాజకీయ మొగ్గు. ఈ రెంటికీ నడుమ యాత్రా కార్యక్రమాలు, వ్యవసాయ ప్రసారాలు, ప్రత్యేక కథనాలు, నేరవార్తలు, విజయగాథలు, డాక్యుమెంటరీలు ఉన్నాయి. కల్పన కాదని చెప్పుకొనే ఈ ప్రసారాలన్నింటినీ కలిపి వాస్తవాధారిత టెలివిజన్ అనవచ్చు. ప్రేక్షకుడు వీటిని సాహిత్యంలాగా చదవడు. ఉన్నదున్నట్టు చూపుతున్నారనే నమ్మకంతో చూస్తాడు. ఆ నమ్మకం వల్లనే వీటి రూఢులు కంటికి ఆనవు.

డాక్యుమెంటరీని వాస్తవానికి చేసిన సృజనాత్మక రూపకల్పనగా జాన్ గ్రియర్సన్ భావించాడు. బిల్ నికొల్స్ దానిని వివరణాత్మకం, పరిశీలనాత్మకం, భాగస్వామ్యం మొదలైన రీతులుగా విభజించాడు. ఈ విభజన చలనచిత్రానికి సరిపోయినంతగా టెలివిజన్‌కు సరిపోదు. టెలివిజన్‌లో ఉపప్రక్రియను నిర్ణయించేది దర్శకుని దృక్పథం కంటే ప్రసార సమయం, నిడివి, ప్రకటనల విరామం, ఆ కథనం వార్తావిభాగానికి చెందుతుందా కార్యక్రమ విభాగానికి చెందుతుందా అనే కార్యాలయ విభజన. అందువల్ల ఇక్కడ ఉపప్రక్రియను వస్తువును బట్టి కాక, వివరించే అధికారం ఎవరిదన్న ప్రశ్నను బట్టి గుర్తించడం మేలు. తెరపై కనిపించేవారిలో ఎవరు చూపబడతారు, ఎవరు మాట్లాడతారు, ఎవరి మాటకు అర్థం మరొకరు చెబుతారు అన్నవి ఈ వ్యాసం అడిగే ప్రశ్నలు.

ఈ పరిశీలనకు అరకు లోయ, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల మన్యం తగిన క్షేత్రం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ భూభాగం తెలుగు తెరపై తరచుగా కనిపిస్తుంది. పర్యాటకం, చలి, డోలీ, కాఫీ, బాక్సైట్, గంజాయి అనే ఆరు వాకిళ్ల గుండా అది వార్తల్లోకి వస్తుంది. ఒక వాకిట ప్రవేశించిన కథనం మరో వాకిలి వైపు తొంగి చూడదు.

యాత్రా కథనం: కొత్త అష్టాదశ వర్ణనలు

ప్రబంధ కవికి అష్టాదశ వర్ణనలు విధిగా ఉండేవి. నగరం, ఋతువు, సూర్యోదయం, జలక్రీడ వంటివి కథకు అవసరమున్నా లేకున్నా రావలసిందే. అరకు యాత్రా కథనానికీ అటువంటి జాబితా ఒకటి స్థిరపడింది. విశాఖపట్నం రైలుస్టేషనులో బయలుదేరడం, అద్దాల పెట్టె, సొరంగాల చీకటి, బొర్రా గుహలలో రంగు దీపాలు, కాఫీ తోటలో నడక, బొంగులో చికెన్, గిరిజన మ్యూజియం, సాయంత్రం థింసా. వరుస మారవచ్చు కాని అంశం తప్పదు. ప్రబంధ వర్ణనలో కవి ప్రతిభకు చోటు ఉండేది. ఒకే చంద్రోదయాన్ని పెద్దన ఒకలా, తెనాలి రామకృష్ణుడు మరోలా చెప్పగలిగారు. యాత్రా కథనంలో సొరంగం సొరంగమే.

ఈ జాబితాలోని ప్రతి అంశానికీ తెరకు రాని రెండో ముఖం ఒకటి ఉన్నది. అద్దాల పెట్టె 2017లో వచ్చింది. అది నడిచే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేశారు. ఎదురుగా వచ్చే ఖనిజపు బండ్లు ప్రయాణికునికి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాయి. కూర్పులో అవి తొలగిపోతాయి. బొర్రా విషయం ఇంకా ఆసక్తికరం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పునకు మూలమైన వివాదం ఈ అనంతగిరి మండలానిదే. గుహలను మలచిన సున్నపురాయి పొరల పొరుగునే కాల్సైటు కోసం తగాదా నడిచింది. దేశంలోని గిరిజన భూహక్కుల చర్చను మలుపు తిప్పిన తీర్పు పుట్టిన పంచాయతీలో నిలబడి, వ్యాఖ్యాత రాతిలో శివలింగాన్ని చూపిస్తాడు. శివలింగాన్ని చూపడంలో తప్పేమీ లేదు. స్థానికులు కొలిచే స్థలమది. తీర్పు మాత్రం వేరే ఉపప్రక్రియకు చెందిన సమాచారంగా లెక్కకు వస్తుంది కనుక ఇక్కడ దానికి చోటు లేదు.

థింసాలో కాలం తొలగిపోతుంది. స్త్రీలు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసి వరుసగా కదిలే ఈ నృత్యానికి చైత్రంలోని ఇటుకల పండుగతో, పెళ్లిళ్లతో, ఊరి వేడుకలతో సంబంధం ఉన్నది. యాత్రా కథనంలో అది వసతిగృహం ముంగిట, ఏ నెలలోనైనా, వ్యాఖ్యాత రాగానే మొదలవుతుంది. వ్యాఖ్యాత వరుసలో కలిసి అడుగు తప్పి నవ్వడం ఈ ఉపప్రక్రియలోని తప్పనిసరి ఘట్టం. మానవశాస్త్రం తాను వర్ణించే మనుషులను తన కాలం నుంచి బయటికి నెట్టివేస్తుందని యొహానెస్ ఫాబియన్ 1983లో చేసిన విమర్శ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పంచాంగం పోగొట్టుకొన్న నృత్యం ‘అనాదిగా వస్తున్న’ నృత్యమవుతుంది.

తెలుగులో యాత్రాచరిత్ర అనే ప్రక్రియ ఇలా మొదలు కాలేదు. ఏనుగుల వీరాస్వామి 1830–31 నాటి తన ప్రయాణాన్ని కాశీయాత్రచరిత్రలో నమోదు చేసినపుడు ఊరికీ ఊరికీ దూరమెంత, దారి ఎటువంటిది, నీళ్లు, సరకులు, బస దొరుకుతాయా, ఏరు ఎలా దాటాలి అన్నవి పట్టుదలతో రాశాడు. దారి ఆయనకు అందం కాదు, సమాచారం. ఆ లెక్కన చూస్తే, మంచం మీద ఉన్న రోగి కొండ దిగడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే డోలీ వార్తే వీరాస్వామి పద్ధతికి దగ్గరగా ఉంది. విహార కార్యక్రమం ఆ సంప్రదాయానికి పేరుకు మాత్రమే వారసు.

చలి వార్త

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. డిసెంబరు రాగానే లంబసింగి తెరపైకి వస్తుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధనాస్థానం నమోదు చేసిన కనిష్ఠ ఉష్ణోగ్రత, గడ్డిపై గడ్డకట్టిన మంచు, చలిమంట చుట్టూ పర్యాటకులు, ‘ఆంధ్రా కశ్మీర్’ అనే బిరుదు. లంబసింగికి కొర్రబయలు అనే పేరుందనీ, ఆరుబయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థమనీ ఏటా చెబుతారు. ఆ పేరు పెట్టినవారు ఆ చలిలో ఆరుబయట పడుకోవలసి వచ్చినవారేనన్న ఊహ ఏ ఏడాదీ వినిపించదు. వంజంగి కొండపై మేఘాల దృశ్యం ఈ ఉపప్రక్రియకు ఇటీవలి చేర్పు. రాలినది నేల మంచు అయినా ‘హిమపాతం’ అనడం దీని అతిశయోక్తి.

డోలీ కథనం

రెండు మూడు నిమిషాలకు మించని ఈ ఉపప్రక్రియ గత పదేళ్లలో తెలుగు వార్తాచానళ్లు తయారు చేసిన అత్యంత శక్తిమంతమైన రూపం. దుప్పటిని వెదురుకర్రకు కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ వాగు దాటే దృశ్యం తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు.

దాని నిర్మాణం స్థిరమైనది. మొదట మొబైల్ ఫోనుతో నిలువుగా తీసిన దృశ్యం. అటూ ఇటూ మసకబార్చిన అంచులు. దానిపై స్టూడియో నుంచి ఆవేశపూరితమైన వాయిస్ ఓవర్. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా అనే ఎత్తుగడ. ఎన్ని కిలోమీటర్లు మోశారనే అంకె. ఊరిలో తెలుగు బాగా వచ్చిన ఒక యువకుడి బైట్. చివర అధికారులు స్పందించాలనే విన్నపం. మరునాడు అధికారి స్పందిస్తే రెండో వార్త, స్పందించకపోతే మౌనం.

బ్రిటిష్ డాక్యుమెంటరీ సంప్రదాయాన్ని విశ్లేషిస్తూ బ్రయన్ విన్‌స్టన్ బాధితుని సంప్రదాయమనే భావనను 1988లో ప్రతిపాదించాడు. సామాజిక సమస్యను చూపడానికి ఎన్నుకొన్న మనిషి ఆ సమస్యకు నమూనాగా మిగిలిపోతాడనీ, సానుభూతి విశ్లేషణ స్థానాన్ని ఆక్రమిస్తుందనీ ఆయన వాదన. డోలీ కథనంలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. డోలీలో ఉన్న స్త్రీ కథనానికి కేంద్రం. ఆమె ఒక్కతే అందులో మాట్లాడదు. ఆమె ముఖం, ఊరి పేరు, వయస్సు, నొప్పుల స్థితి తెరపై ఉంటాయి. నగరంలోని ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన స్త్రీని ఇలా చిత్రీకరించి ప్రసారం చేయడాన్ని ఏ సంపాదకుడూ అంగీకరించడు. కొండ మీది స్త్రీ విషయంలో అనుమతి ప్రశ్న తలెత్తకపోవడానికి కారణం నిర్దయ కాదు. ఈ ఉపప్రక్రియలో ఆమె రోగి కాక సాక్ష్యం కావడం.

అయితే విన్‌స్టన్ విమర్శను యథాతథంగా అన్వయించి ఊరుకుంటే అన్యాయం జరుగుతుంది. విన్‌స్టన్ చూసిన చిత్రాలను బయటివారు తీశారు. డోలీ దృశ్యాన్ని చాలాసార్లు మోసేవారి బంధువులే, ఊరి కుర్రవాళ్లే తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. తమ కష్టం ఏ చట్రంలో ఇమిడితే పట్టణానికి వినబడుతుందో వారు గ్రహించారు. డోలీ కథనం కేవలం వారిపై రుద్దిన రూపం కాదు, వారు చేత పట్టుకొన్న పనిముట్టు కూడా. అది పని చేసింది. పాడేరు, పార్వతీపురం ప్రాంతాల శిఖర గ్రామాల రోడ్ల గురించి ప్రభుత్వాలు మాట్లాడేటప్పుడు ‘డోలీ రహిత’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో ఉపముఖ్యమంత్రి ప్రారంభించిన ‘అడవితల్లి బాట’ పనుల నేపథ్యంలోనూ ఈ దృశ్యాలే ఉన్నాయి. ఒక టెలివిజన్ రూఢి విధాన పరిభాషలోకి ప్రవేశించడం అరుదు. యాత్రా కార్యక్రమాలన్నీ కలిసినా కొండ మీదికి ఒక్క కల్వర్టును తేలేదు.

దాని పరిమితి వేరే చోట ఉన్నది. డోలీ కథనానికి జ్ఞాపకం లేదు. ప్రతి డోలీ మొదటి డోలీ అయినట్టే మొదలవుతుంది. రోడ్డు ఎందుకు లేదన్న ప్రశ్నకు ‘అధికారుల నిర్లక్ష్యం’ అనే ఒక్క సమాధానం సిద్ధంగా ఉంటుంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం 3(2) సెక్షను ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి సౌకర్యాలకు ఒక్కొక్కదానికి హెక్టారుకు లోబడిన అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, మళ్లించవచ్చు. ఆ గూడెంలో గ్రామసభ జరిగిందా, తీర్మానం ఎక్కడ ఆగింది, దారి ఆ హెక్టారు పరిమితిలో ఇముడుతుందా అని అడగడానికి మూడు నిమిషాలు చాలకపోవచ్చు. కాన్పు తేదీకి ముందే గర్భిణులను కొండ దింపి ఉంచేందుకు సాలూరులో నెలకొల్పినటువంటి గిరిశిఖర గర్భిణుల వసతిగృహం ఈ ఊరికి అందుబాటులో ఉందా అని అడగడానికి పది క్షణాలు చాలు. ఆ ప్రశ్నకు సమాధానం వస్తే కథనం బాధ నుంచి పాలనకు మారుతుంది; ఈ ఉపప్రక్రియ భరించలేని మార్పు అదే. మండలస్థాయి స్ట్రింగరుకు ఈ వివరాలన్నీ తెలిసే ఉంటాయి. అతను పంపినదానిలో డెస్కు నిలుపుకొనేది దృశ్యాన్ని.

ఇంకొక సంగతి. ఆ నిలువు దృశ్యాన్ని తీసినవారి పేరు తెరపై ఉండదు. చానల్ ముద్ర ఉంటుంది.

విజయగాథ, చర్చ, నేరకథనం

కాఫీ కథనం పుట్టుక వేరు. 1975–76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు బోధనాత్మక ప్రసారాలు అందించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఆరు రాష్ట్రాలలో ఒకటి. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ ‘పాడిపంటలు’, తరువాత 1995 నుంచి ఈటీవీ ‘అన్నదాత’ ఆ బోధనా సంప్రదాయాన్ని కొనసాగించాయి. వీటిలో రైతు ప్రశ్న అడుగుతాడు, శాస్త్రవేత్త చెబుతాడు. ‘అన్నదాత’ రైతును తన పొలంలో నిలబెట్టి మాట్లాడించి ఈ క్రమాన్ని కొంత సడలించింది. తెలుగు వాస్తవాధారిత టెలివిజన్‌లో శ్రామికుడు తన పని గురించి తానే నిడివిగా మాట్లాడిన రూపం ఏదైనా ఉంటే అది వ్యవసాయ కార్యక్రమమే. విమర్శకులు దానికి ఇవ్వవలసిన గౌరవం ఇంకా ఇవ్వలేదు.

అరకు కాఫీ ఆ చట్రం నుంచి జారి విజయగాథలో పడింది. 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో భౌగోళిక గుర్తింపు, 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’ ప్రస్తావన దీని మజిలీలు. నీడ చెట్ల కింద మిరియాలతో కలిపి సాగు చేసే రైతు ఇందులో ఎర్రని పండ్లు దోసిట పట్టి నవ్వుతాడు. రుచిని నిపుణుడు వివరిస్తాడు, ధరను సంస్థ ప్రతినిధి చెబుతాడు. పండును ఎండబెట్టి అమ్మడమా, పండుగానే అమ్మడమా, దళారికా, గిరిజన సహకార సంస్థకా అనే నిర్ణయాలు రైతువి. అవి విజయగాథకు పనికిరావు. రైతుకు ఇక్కడ గౌరవం దక్కింది, మాట దక్కలేదు.

బాక్సైట్ విషయంలో మనిషే మాయమవుతాడు. జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీభూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ 2015 నవంబరులో 97వ నంబరు ఉత్తర్వు వెలువడినపుడు చానళ్లు దానిని చర్చావేదికకు ఎత్తాయి. చర్చ అనే ఉపప్రక్రియ పార్టీల ప్రతినిధులను కోరుతుంది. నలుగురూ స్టూడియోలో కూర్చుని ఉండగా వెనుక తెరపై ర్యాలీలో విల్లంబులు పట్టిన గిరిజనులు శబ్దం లేకుండా నడుస్తుంటారు. ఆ దృశ్యాన్ని శబ్దం పెంచి చూపితే అది వేరే కార్యక్రమం అయ్యేది. గంజాయి కథనంలో మనిషి తిరిగి వస్తాడు, ముసుగుతో. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిన దృశ్యం నేరకథనానికి కావలసిన పరాకాష్ఠను ఇచ్చింది. పెట్టుబడి పెట్టినవారు తెరపైకి రారు, మోసినవాడు వస్తాడు. డోలీ మోసిన భుజం, మూట మోసిన భుజం ఒకే మండలానివి కావచ్చు. ఒకటి సానుభూతి విభాగానికీ, మరొకటి నేరవిభాగానికీ చెందుతాయి కనుక ఆ రెండు బతుకులకూ ఉన్న సంబంధం ఏ కార్యక్రమం బాధ్యతా కాదు.

అనువాదం అనే రూఢి

ఈ ఉపప్రక్రియలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక రూఢి భాషకు సంబంధించినది. ఈ కొండలలో తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జ, కొండ భాషలు వినిపిస్తాయి. తెలుగు చానళ్లలో తెలుగేతర రాజకీయ నాయకుడు మాట్లాడితే కింద ఉపశీర్షిక వస్తుంది. కువిలో వృద్ధురాలు మాట్లాడితే ఆమె గొంతు తగ్గి, దానిపై తెలుగు గొంతు వస్తుంది. అది చెప్పేది ఆమె మాటకు అనువాదమా, సారాంశమా, కథనానికి అవసరమైన వాక్యమా అన్నది సరిచూసుకొనే దారి ప్రేక్షకునికి లేదు. అంతకంటే తరచుగా ఆమెను అడగడమే జరగదు. తెలుగు వచ్చిన యువకుని దగ్గరికి మైకు వెళుతుంది. ఊరి తరఫున మాట్లాడేది ఎప్పుడూ బడికి వెళ్లిన మగవాడు కావడానికి ఈ సాంకేతిక సౌలభ్యం ఒక కారణం.

ఉపశీర్షిక ఖర్చుతో కూడినదని, ఆ భాషలు తెలిసినవారు దొరకరని చెప్పే సమాధానం నిలబడదు. 2004 ప్రాంతంలోనే రాష్ట్ర ప్రభుత్వం కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర మొదలైన ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధనను ప్రారంభించి, వాచకాలను ఆ భాషలు మాట్లాడే ఉపాధ్యాయుల చేత తయారు చేయించింది. తరగతిగదికి దొరికిన మనుషులు వార్తాగదికి దొరకకపోవడం భాషా సమస్య కాదు.

పొరుగున ఉన్న ఒక సందర్భం పోల్చదగినది. అరకుకు ఉత్తరాన, ఒడిశాలోని నియమగిరి కొండలపై బాక్సైట్ తవ్వకాన్ని గురించి సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ తీర్పు ప్రకారం పన్నెండు పల్లెసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాన్ని తిరస్కరించాయి. ఆ కొండలపై అంతకు ముందే చిత్రాలు వచ్చాయి. సర్వైవల్ ఇంటర్నేషనల్ 2009లో తీసిన ‘మైన్: స్టోరీ ఆఫ్ ఎ సేక్రెడ్ మౌంటెన్’ డోంగ్రియా కోందుల పక్షాన నిలిచిన చిత్రం. అయినా దాని కథనాన్ని వినిపించేది బ్రిటిష్ నటి జొవానా లమ్లీ గొంతు. పక్షం మారినా రూఢి మారలేదు. పల్లెసభలో మాత్రం మాట్లాడే క్రమాన్ని నిర్ణయించింది చట్టం. న్యాయాధికారి సమక్షంలో గ్రామస్థులు తమ కొండ గురించి, దాని దైవం గురించి, పంట గురించి చెప్పుకొన్నారు. కెమెరాలు పక్కన నిలబడవలసి వచ్చింది. వాస్తవాధారిత టెలివిజన్ తనంతట తాను ఏర్పరచని ఒక మాట్లాడే వేదికను న్యాయవ్యవస్థ ఏర్పరచినపుడు, అదే కెమెరా దానిని నమోదు చేయగలిగింది. లోపం పరికరంలో గాని, నిడివిలో గాని లేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఫోను పట్టిన చేయి

అరకు ప్రాంతపు గిరిజన యువకులు సొంతంగా యూట్యూబ్ చానళ్లు నడుపుతున్నారు. ‘అరకు ట్రైబల్ కల్చర్’ వాటిలో పేరు పొందినది. టెలివిజన్ అధ్యయనం వీటిని పక్కన పెట్టడానికి వీలు లేదు, ఎందుకంటే ఇవి టెలివిజన్ ఉపప్రక్రియలను చూసి పెరిగినవారి పనులు. బొంగులో వంట, జలపాతం, ఊరి పెళ్లి వంటి వీడియోలలో యాత్రా కథనపు జాబితా మళ్లీ కనిపిస్తుంది. పట్టణ ప్రేక్షకుడు దేని కోసం వెతుకుతాడో తెలిసి ఎంచుకొన్న శీర్షికలవి. దీనిని అనుకరణ అని కొట్టివేయడం సులభం. కాని వంట జరిగే క్రమంలో వెదురును ఏ వయసులో కొట్టాలి, ఏ ఆకు మూయాలి, ఎవరి ఇంటి నుంచి ఉప్పు తెచ్చారు వంటి వివరాలు ఈ రకం వీడియోలలో దొర్లుతుంటాయి. వసతిగృహం ముంగిట తీసిన కార్యక్రమంలో ఈ సమాచారానికి తావు లేదు. సంతకు నడిచే దారిని కోయకుండా నడిచినంతసేపూ ఉంచడం కూడా ఇక్కడే సాధ్యపడుతుంది. డోలీ వార్త అంకెగా చెప్పే దూరం ఇక్కడ కాలంగా తెలుస్తుంది.

భాష విషయంలో జరిగే మార్పు ఇంకా సూక్ష్మమైనది. పెద్దవారిని వారి భాషలో అడిగి, సమాధానం పూర్తయ్యేవరకు ఆగి, ఆ తరువాత కెమెరా వైపు తిరిగి తెలుగులో చెప్పే పద్ధతి ఈ వీడియోలకు అందుబాటులో ఉన్నది. అనువదించేవాడు తెర మీదనే ఉంటాడు. తప్పు చెబితే పక్కన కూర్చున్న అవ్వ సరిదిద్దగలదు. స్టూడియోలోని గొంతును ఆమె సరిదిద్దలేదు. ఈ చిన్న ఏర్పాటుకు ఇంకా పేరు పెట్టలేదు, నికొల్స్ రీతులలో దేనిలోనూ అది పూర్తిగా ఇమడదు. వాస్తవాధారిత ప్రసారాల మీద తెలుగు విశ్వవిద్యాలయాలలో జరిగే పరిశోధన ఈ వీడియోలను భద్రపరచే పనిని కూడా చేపట్టవలసి ఉంది. చానళ్ల పాత టేపులకు పట్టిన గతి వీటికీ పట్టేలోపు.